బాదం చెట్ల రేవు

మొన్న ఒక పని మీద వెళ్ళి తిరువూరు బస్టాండులో దిగాను. విస్సన్నపేట బస్సు ఇంకా రాలేదన్నారు. ఎండ తప్పించుకుందామని గోడవారగా నిలబడితే పక్కనే చెరుకు రసం బండి ఉంది. బండి మనిషి గడను యంత్రం పళ్ళ మధ్యకు తోశాడు. అవతలికి నలిగి వచ్చిన పిప్పిని మడతపెట్టి మళ్ళీ తోశాడు. అందులో ఇంకేమీ మిగల్లేదని నాకు అనిపించిన తరవాత కూడా మరోసారి తోశాడు. పచ్చి తీపి వాసన గుప్పుమని లేచింది. నేను సంచీ తీసుకుని ఎండలోకే వెళ్ళి నిలబడ్డాను. చెరుకంటే నాకు పడదని కాదు. చిన్నప్పుడు వినగడపలో మా చేలో గడలు విరుచుకుని పళ్ళు నొప్పి పుట్టేదాకా నమిలినదాన్నే. ఆ వాసనకు పక్కకు తప్పుకోవడం నా సొంత అలవాటు కాదు. ఇదే ఊళ్ళో, నేను వయసులో ఉన్నప్పుడు, ఒక పెద్దావిడ పక్కన బతికి తెచ్చుకున్నది. ఆవిడ పేరు ఫిలోమినమ్మ. నేను టీచరుగారూ అని పిలిచేదాన్ని. ఆవిడను ఎరిగినవాళ్ళు ఇప్పుడు తిరువూరులో ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉన్నా, చక్కెర లేని టీ తాగే నల్లటి పొడుగాటి టీచరు అని తప్ప ఇంకేమీ గుర్తుండి ఉండదు.

డెబ్భైల మొదట్లో తిరువూరులో మిషను వాళ్ళు నడిపే ఆడపిల్లల స్కూల్లో నాకు సోషల్ టీచరుగా ఉద్యోగం వచ్చింది. మా నాన్న నన్ను వెంటబెట్టుకుని వచ్చి అద్దె గది కోసం ఊరంతా తిరిగాడు. పెళ్ళికాని పిల్ల ఒక్కతే ఉంటుందంటే అందరూ వెనకాడారు. చివరికి హెడ్మిస్ట్రెస్ గారు, మా స్కూల్లోనే సోషల్ చెప్పి రిటైరైన ఒకావిడ ఒంటరిగా ఉంటున్నారు, అడిగి చూడండి అన్నారు. చర్చి వెనక వీధిలో చిన్న పెంకుటిల్లు. వరండాలో పేము కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్న ఆవిడ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. తెల్ల చీర, నెరిసిన జుట్టు ముడి, మనిషిని నిలదీసినట్టుండే చూపు. మా నాన్న గోడ మీది మేరీమాత పటం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, రైతులందరూ ముందుగా అడిగే ప్రశ్నే అడిగాడు.

"అమ్మగారిది ఏ ఊరండి?"

"లంకండి," అన్నారావిడ.

నాన్న ముఖం విప్పారింది. కృష్ణ మధ్యలో ఉండే లంక గ్రామాల్లో మాకు చుట్టాలున్నారు. ఏ లంకో చెప్పమని అడిగాడు.

"చాలా దూరమండి. ఓడెక్కి నెలల తరబడి పోవాలి."

అది వేళాకోళమనుకుని నాన్న నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చారు. అందులో చక్కెర లేదు. నాన్న మొహమాటపడి కషాయం తాగినట్టు తాగేశాడు. ఆ ఇంట్లో చక్కెర గాని బెల్లం గాని ఏనాడూ ఉండవని తరవాత తెలిసింది. మనిషి కాస్త తేడాగా ఉన్నా పిల్లకు భయం లేదని హెడ్మిస్ట్రెస్ గారితో చెప్పి నాన్న ఊరికి వెళ్ళిపోయాడు. ఆ ఇంటి ముందు గదిలో నేను ఆరేళ్ళు ఉన్నాను.

రిటైరైనా ఆవిడ స్కూలుకు రావడం మానలేదు. అప్పుడప్పుడు వచ్చి ఏదో ఒక క్లాసులో చివరి బెంచీ మీద పిల్లల మధ్య కూర్చునేవారు. నేను చేరిన కొద్ది రోజులకే నా క్లాసుకు వచ్చారు. ఆ రోజు ప్రపంచ భూగోళం. వెస్టిండీస్ దీవుల్లో చెరుకు, అరటి విస్తారంగా పండును, చక్కెర ఎగుమతి అగును అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి, పిల్లల చేత రెండుసార్లు చెప్పించాను. వెనక నుంచి ఆవిడ చెయ్యెత్తారు, చదువుకునే పిల్లలాగే. ఒక మాట అడగొచ్చా టీచర్ అన్నారు. అడగండి అన్నాను. ఆవిడ పిల్లల వైపు తిరిగి ఆ చెరుకు ఎవరు నరికారని అడిగారు. అక్కడివాళ్ళు అంది ఒక పిల్ల. అక్కడివాళ్ళంటే ఎవరన్నారు. పిల్లలందరూ నా వైపు చూశారు. నాకూ తెలియదు.

అప్పుడు ఆవిడ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఒక దీవి బొమ్మ వేశారు. అట్లాసులో చీమ తలకాయంత కూడా కనిపించని దీవి అది. ఆవిడ చేతిలో బోర్డంతా పరుచుకుంది. ఇక్కడ కొండ, ఇక్కడ వాగు, ఇక్కడ మిల్లు, ఇక్కడ సముద్రం లోపలికి వంగి వచ్చిన చోట బాదం చెట్ల రేవు. మొట్టమొదట అక్కడ ఉన్నవాళ్ళు చేపలు పట్టుకుని బతికేవారనీ, తెల్లవాళ్ళ ఓడలు వచ్చాక వాళ్ళలో ఒక్కరూ మిగల్లేదనీ చెప్పారు. అడవి కొట్టి చెరుకు వేయడానికి ఆఫ్రికా నుంచి మనుషులను గొలుసులతో కట్టి తెచ్చారు. తరాలు గడిచాక వాళ్ళకు విడుదల వచ్చింది. విడుదల వచ్చిన మనిషి ఆ చేలో మళ్ళీ అడుగు పెట్టనన్నాడు. అప్పుడు దొరలకు మనం గుర్తొచ్చాం. గొలుసు తీసేసి కాగితం పెట్టారు, వేలిముద్ర వేయించుకున్నారు, ఓడెక్కించారు. మన జిల్లా వాళ్ళే, మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు. క్లాసు అయ్యాక వరండాలో నా పక్కన నడుస్తూ ఆవిడ అన్న మాట నా ఉద్యోగమంతా నా వెంట వచ్చింది.

"నువ్వు చెప్పింది తప్పేం కాదమ్మాయ్. కానీ పండును అంటే దానంతటదే పండినట్టుంటుంది. పండించారు అని చెప్పు. అప్పుడు పిల్లలు ఎవరని అడుగుతారు."

ఆవిడ కథ నాకు ఒక్కసారిగా తెలియలేదు. స్కూలు నుంచి వచ్చాక సాయంత్రాలు వరండాలో బియ్యం ఏరుకుంటూనో, పిల్లల పేపర్లు దిద్దుకుంటూనో ముక్కముక్కలుగా చెప్పేవారు. ఆవిడ తండ్రి వెంకయ్యది ఎ.కొండూరు అవతల ఒక చిన్న పల్లె. వానలు లేక పనులు దొరకని రోజుల్లో సంతకు వచ్చిన ఒక మేస్త్రీ, లంకలో చెరుకు పని ఉంది, ఆలుమగలిద్దరికీ దొరుకుతుంది అన్నాడట. వాళ్ళు కృష్ణ లంక అనుకున్నారు. పంట కోసుకుని ఉగాదికి తిరిగొద్దామనుకుని కోళ్ళను పక్కింటివాళ్ళకు అప్పగించి బయల్దేరారు. చెన్నపట్నం రేవులో సముద్రాన్ని చూసి ఆవిడ తల్లి ఏట్లో ఇన్ని నీళ్ళెక్కడివని అడిగిందట. అందుకే ఫిలోమినమ్మగారు ఆ దీవిని ఎప్పుడూ దాని పేరుతో పిలిచేవారు కాదు. మా లంక అనేవారు. నేనూ ఆ పేరు ఇక్కడ రాయను. ఇప్పుడు ఆ పేరు విమానాల ప్రకటనల్లో కనిపిస్తుంది. ఆ ప్రకటనలు వేసేవాళ్ళకు అది చాలు.

ఆవిడా, ఆవిడకంటే మూడు నాలుగేళ్ళు పెద్దవాడైన అన్న వీరన్నా అక్కడే పుట్టారు. ఎస్టేటు వాళ్ళు కట్టించిన లైను ఇళ్ళలో ఒక గది. ఇంట్లో తెలుగు, బయట ఆ దీవి వాళ్ళ ఇంగ్లీషు, ఆదివారం చర్చి. తండ్రి మిల్లులో గడలు అందించేవాడు. ఎవరు ఎదురుపడ్డా, తనను తిట్టే మేనేజరు ఎదురుపడ్డా, సల్లగుండు అనేవాడట. చల్లగా ఉండు అని ఆయన దీవెన. ఆ దీవిలో నల్లవాళ్ళు కూడా ఆయన్ని చూస్తే నవ్వుతూ ఆ మాటే తిరిగి అనేవారట. ఒకరోజు గడతో పాటు ఆయన చెయ్యి కూడా యంత్రంలోకి పోయింది. మిల్లు ఆపడానికి ఎవరి అనుమతో కావాలన్నారు. ఆపేసరికి భుజం దాకా పోయింది. ఆయన మర్నాడు పోయాడు. ఇదంతా చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో ఏ మార్పూ ఉండేది కాదు. రేవులో బాదం చెట్ల కింద కూలివాళ్ళను పాతిపెట్టే చోటుంది, అక్కడే ఆయన్ని పెట్టారు. ఆకులు పండి ఎర్రబడి రాలేవి, వాటితో సమాధులన్నీ కప్పేసి ఉండేవని మాత్రం ప్రతిసారీ చెప్పేవారు. మన వీధుల్లో ఉండే బాదం చెట్టే అక్కడా. ఆ చెట్టు కనిపిస్తే రోడ్డు మీదైనా ఆగి ఒక్క క్షణం నిలబడి నడిచేవారు.

కొన్నేళ్ళకు చక్కెర ధర పడిపోయింది. మిల్లు మూతపడింది. ఒప్పందం గడువు తీరినవాళ్ళను ఇంటికి పంపే ఓడ ఒకటి వస్తుందని చెప్పారు. తల్లి వెళ్ళిపోదామంది. ఆ చిన్న రేవు నుంచి పడవలో పెద్ద రేవుకు పోయి అక్కడ ఓడెక్కాలి. పడవ బయల్దేరే వేళకు వీరన్న లేడు. అందరూ వెతికారు. పడవవాడు ఆగనన్నాడు. పడవ రేవు దాటుతుంటే బాదం చెట్ల కింద నిలబడి ఉన్న అన్న ఫిలోమినమ్మగారికి కనిపించాడు. తల్లికి చూపించారు. తల్లి పడవలో లేచి నిలబడి పిలిచిన పిలుపులకు పడవ ఒరిగిపోయిందట. వాడు కదల్లేదు. ముందురోజు ఇసుకలో ఆడుకుంటున్నప్పుడు వాడు చెల్లెలితో అన్న మాట ఆవిడకు అప్పుడు అర్థమైంది.

"అందరం పోతే నాన్న ఒక్కడే అయిపోతాడు."

తిరిగొచ్చిన తల్లీకూతుళ్ళను సొంత పల్లె వాళ్ళు రానివ్వలేదు. సముద్రం దాటిపోయి ఎవరితో తిన్నారో ఎవరితో ఉన్నారో అన్నారు. తిరువూరు మిషను వాళ్ళు హాస్టల్లో తల్లికి వంటపని ఇచ్చి పిల్లను చదివించారు. తల్లి మంచం పట్టాక కూడా, రేవులోకి పడవొచ్చిందా అని అడిగేదట. చర్చివాళ్ళ ద్వారా ఆ దీవికి కబుర్లు పంపారు. ఎక్కణ్ణుంచీ జవాబు రాలేదు. ఎస్టేటు లేనిచోట కూలివాడి ఆచూకీ ఎవరికి తెలుస్తుంది? ఫిలోమినమ్మగారు పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇలా రాస్తుంటే ఆవిడ ఎప్పుడూ దిగులుగా ఉండేవారనిపిస్తుందేమో. అలా కాదు. ఆవిడకు వెటకారం ఎక్కువ. ఆ రోజుల్లో వెస్టిండీస్ క్రికెట్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు టీ దుకాణం రేడియో చుట్టూ మూగిన జనం ఆవిడను పిలిచి, మీ ఊరివాళ్ళు మన వాళ్ళను చితకబాదుతున్నారండీ అనేవారు. మా లంకలో బంతి కొడితే సముద్రంలో పడుతుంది, అందుకే మాకు జట్టు లేదు అని జవాబిచ్చేవారు. నేను ప్రైవేటుగా ఎం.ఏ. చరిత్రకు కట్టింది ఆవిడ పోరు పడలేకే. మా ఇంట్లోవాళ్ళు సంబంధాలు చూస్తున్నామని కబురు పంపితే, పరీక్షలయ్యాక చూడమనండి, పెళ్ళికొడుకులు ఎక్కడికీ పోరు అని మా నాన్నకే చెప్పి పంపారు. నేను రాసిన ప్రతి పేజీ చదివేవారు. రాజు చెరువు తవ్వించెను అని రాస్తే కింద గీత గీసి, తవ్వింది ఎవరని రాసేవారు. ఆ గీతలకు నాకు ఏడుపొచ్చేది. ఎం.ఏ. పాసయ్యాను.

ఇంకో రెండేళ్ళకు మా మిషనుకు ఒక విదేశీ ఫాదరు చూడటానికి వచ్చారు. లావుగా, ఎర్రగా, పిల్లలను చూస్తే ముఖమంతా నవ్వుగా ఉండే మనిషి. వెళ్ళేముందు పిల్లలకు సరదాగా ఉంటుందని తనతో తెచ్చుకున్న రంగు బొమ్మలు చూపిస్తానన్నారు. మధ్యాహ్నం హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడకు తెల్ల పంచె బిగించి, ఎదురుగా స్లైడు మెషిను పెట్టారు. పిల్లలంతా నేల మీద, టీచర్లం వెనక బెంచీల మీద. ఫాదరు ఇంగ్లీషులో చెబుతుంటే హెడ్మిస్ట్రెస్ గారు తెలుగులో చెబుతున్నారు. మంచు కురిసిన ఊరు, విమానం లోపలి సీట్లు, పెద్ద వంతెన. ఒకసారి జబ్బు చేస్తే డాక్టర్లు విశ్రాంతి తీసుకోమన్నారనీ, అప్పుడు ఒక చిన్న దీవికి వెళ్ళి ఉన్నాననీ, భూమ్మీద స్వర్గం అంటే అదేననీ చెబుతూ ఫాదరు దీవి పేరు చెప్పారు. నా పక్కన కూర్చున్న ఫిలోమినమ్మగారి చెయ్యి నా మణికట్టును పట్టుకుంది.

నీలం సముద్రం పడింది పంచె మీద. పిల్లలు ఆహా అన్నారు. తరవాత లోపలికి వంగిన తీరం, దాని వెనక కొండ. రంగురంగుల గొడుగుల కింద పడుకున్న దొరసానులు, తెల్లటి నాలుగంతస్తుల హోటలు, దాని ముందు స్నానాలు చేసే కొలను. తరవాత మిల్లు గొట్టం. ఇటుకలకు సున్నం కొట్టి, చుట్టూ దీపాల దండలు వేలాడదీశారు. పాత చక్కెర మిల్లులో ఇప్పుడు పాటలు వింటూ పానీయాలు తాగుతారని ఫాదరు చెప్పారు. తరవాతి బొమ్మలో హోటలు గేటు దగ్గర ఒక ముసలివాడు. ఎర్ర తలపాగా, తెల్ల కోటు, నడుముకు జరీ పట్టీ. చేతులు జోడించి నిలబడ్డాడు. మన నమస్కారమే అని పిల్లలు గుసగుసలాడారు. ఈయన్ని అక్కడ అందరూ రాజా అంటారు, ఇండియా రాజుల వంశమట, హోటలుకు వచ్చినవాళ్ళంతా ఈయన పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటారని ఫాదరు చెప్పారు. ఫొటో అయ్యాక చేతిలో ఏదైనా పెడితే ఆ దీవి భాషలో ఏదో అంటాడట. కాసేపు ఆలోచించి ఫాదరు ఆ మాట గుర్తు తెచ్చుకున్నారు.

"సల్లగుండు."

హాలంతా ఘొల్లుమంది. తెల్లదొర నోట అచ్చం మన మాట. పిల్లల నవ్వు చూసి ఫాదరుకు హుషారొచ్చింది. మళ్ళీ అన్నారు. మళ్ళీ నవ్వారు.

ఫిలోమినమ్మగారు లేచి పిల్లల మధ్య నుంచి నడుచుకుంటూ పంచె దాకా వెళ్ళారు. మెషిను వెలుగు ఆవిడ మీద పడింది. తలపాగా ఎరుపు ఆవిడ తెల్ల చీర మీద పడింది. ఒక్కొక్కరే పిల్లలు నవ్వడం ఆపేశారు. ఆవిడ అటే చూస్తూ ఇంగ్లీషులో ఫాదరును ఏదో అడిగారు. మాకు పాఠాల్లో చెప్పే ఇంగ్లీషు కాదది. ఊగుతూ సాగే ఇంకో రకం ఇంగ్లీషు, నేనెప్పుడూ విననిది. ఆ ముసలివాడి వెనక ఉండాల్సిన చెట్లు ఏవని అడిగారు. ఫాదరు అయోమయంగా చూసి, కాయలు రాలి కొలనులో పడుతున్నాయని కొట్టేశారట అన్నారు. చెట్ల కింద రాళ్ళుండేవి కదా అన్నారావిడ. రాళ్ళ సంగతి ఆయనకు తెలియదు. కొలను ఉన్నచోటే చెట్లుండేవని విన్నానన్నారు. ఆ బొమ్మ ఇంకాసేపు ఉంచమని ఆవిడ అడిగారు. బల్బు వేడికి ఫిలిం కాలిపోతుందని, ఇంకొంచెం ఉంచి, ఆయన మార్చక తప్పలేదు. తరవాతి బొమ్మ ఒక పళ్ళెం నిండా కోసిపెట్టిన పండ్లు. అది ఆవిడ ముఖం మీదే పడింది.

సాయంత్రం ఫాదరు మా ఇంటికే వచ్చారు. హెడ్మిస్ట్రెస్ గారు ఆయనకు అంతా చెప్పినట్టున్నారు. వరండాలో నేల చూస్తూ కూర్చున్నారు. మీ అన్నగారి పక్కన నిలబడి నేను కూడా ఫొటో తీయించుకున్నానమ్మా అన్నారు. ఆవిడ ఆయనను ఒక్క మాట కూడా అనలేదు. అన్న ఎలా నడుస్తాడు, పళ్ళున్నాయా, చూపు ఆనుతోందా అని అడిగారు. ఆయనకు ఏదీ గుర్తులేదు. తలపాగా గుర్తుంది. వెళ్ళగానే హోటలు వాళ్ళకు రాసి, ఆయన్ని కలిపే ఏర్పాటు చేస్తానని మాటిచ్చారు. ఆ బొమ్మ ఫిలిం ముక్కను జేబులోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని ఆకాశం వైపు పట్టి చూశారు. గోరంత మనిషి.

తరవాతి నెలల్లో ఆవిడను చూస్తే నాకు భయం వేసేది. వయసు సగానికి సగం తగ్గినట్టు ఉండేవారు. అన్నకు తెలుగు ఎంత మిగిలి ఉంటుందో అనేవారు. ఇక్కడికి వస్తే ముందు గదిలో నువ్వు, వెనక గదిలో మేమిద్దరం సర్దుకుందామనేవారు. ఎండు మిరపకాయలు ఎక్కువగా కొన్నారు, అన్నకు కారం కావాలని. అరవై ఏళ్ళ నాటి పిల్లవాడి రుచులు గుర్తుపెట్టుకుని ఒక ముసలివాడి కోసం ఇల్లు సర్దారు.

వానాకాలం అయిపోయాక మన చర్చి ఫాదరుగారు పిలిపించారు. నేను వెంట వెళ్ళాను. ఆ విదేశీ ఫాదరు మాట నిలబెట్టుకున్నారు, ఆ దీవిలో చర్చివాళ్ళ చేత కూడా వాకబు చేయించారు. తెలిసింది ఇంతే. హోటలు చేతులు మారింది. రాజా అనే ముసలివాడు కొంతకాలంగా పనికి రావడం లేదు. చనిపోయాడని కొందరు, కొండ మీదికి పోయాడని కొందరు అన్నారు. ఉండే గుడిసెను ఆటస్థలం కోసం తీసేశారు కాబట్టి అడగడానికి ఇరుగుపొరుగు లేరు. ఆయన అసలు పేరు హోటల్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ తలపాగా ఇంకొకతను పెట్టుకుంటున్నాడు, అతనిది ఇండియా కాదు. ఇంత విచారించినందుకు సంతోషిస్తున్నామని హోటలు వాళ్ళు తమ రంగుల పుస్తకం ఒకటి జతచేశారు.

ఇంటికొచ్చాక ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివారు. దీవి చరిత్ర అని ఒక పేజీ ఉంది. దాన్ని నాకు తెలుగులో చదివి వినిపించారు. ఒకప్పుడు ఇక్కడ చెరుకు సమృద్ధిగా పండేది, జీవితం ప్రశాంతంగా సాగేది అని ఉంది.

"చూడు, ఇక్కడ కూడా పండేది అనే రాశారు," అన్నారు. పుస్తకం మూసి నాకు ఇచ్చేశారు.

ఆ తరవాత స్కూలుకు రాలేదు. పిల్లలు అడిగితే ఒంట్లో బాగోలేదని చెప్పేదాన్ని. నిజానికి జ్వరమూ లేదు, నొప్పీ లేదు. పేము కుర్చీలో కూర్చునేవారు, పేపరు చదివేవారు కాదు. మళ్ళీ ఆ పాఠం వచ్చినప్పుడు, ఒక్కసారి వచ్చి బొమ్మ వేసి వెళ్ళండి, పిల్లలు ఎదురుచూస్తున్నారని బతిమాలాను. రేవు దగ్గర ఏం వెయ్యాలని అడిగారు. చెట్లు వేస్తే అబద్ధం, కొలను వేస్తే నా చేత్తో నేను తవ్వినట్టు అన్నారు. నేను వేస్తానన్నాను. నువ్వు చూళ్ళేదు కదా అన్నారు. ఆ సంవత్సరం ఆ పాఠం పుస్తకంలో ఉన్నట్టే జరిగిపోయింది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచారు. అప్పటికి అన్నం బాగా తగ్గించేశారు. గొంతు సన్నబడింది.

"అన్నయ్య అన్నేళ్ళూ నాన్న దగ్గరే నిలబడ్డాడమ్మాయ్. సరిగ్గా అక్కడే. సమాధుల మీద కొలను తవ్వితే, దాని గేటు దగ్గరే నిలబడ్డాడు. నాన్న కోసం నిలబడ్డాడంటావా, కూలి కోసమా?"

నాన్న కోసమేనండి అన్నాను. ఆవిడ ఓదార్పు కోసం అడుగుతున్నారనుకున్నాను.

"నువ్వు చూశావా?"

"లేదండి."

"చూడకుండా చెప్పకు. నీకు నేను నేర్పింది అది కాదు."

ఆ మాటలో కోపం లేదు. ఇంకేం ఆశ కూడా లేదు. ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. అదే వేసవిలో పోయారు. తిరువూరు సమాధుల తోటలో తల్లి పక్కన పెట్టారు. తండ్రి ఒక చోట, తల్లీ కూతురూ ఒక చోట, అన్న ఎక్కడో ఎవరికీ తెలియదు. స్కూలు పిల్లలంతా వచ్చారు. మట్టి వేస్తున్నప్పుడు ఏదైనా అనాలనిపించింది. ఆ దీవెన నోటిదాకా వచ్చింది. అది వాళ్ళింటి మాట, నాది కాదనిపించి ఊరుకున్నాను.

నాకు పెళ్ళయింది, ఊళ్ళు మారాయి, హెడ్మిస్ట్రెస్‌నై రిటైరయ్యాను. ఆవిడ పోయాక నేను తీసుకున్న ఆ ఫిలిం ముక్కను జాగ్రత్తగా దాచాననుకున్నాను. ఒక వానాకాలం తరవాత తీసి చూస్తే బూజు పట్టింది. సముద్రం ఉంది, గేటు ఉంది. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ మిగిలింది. నా దగ్గర చదువుకున్న పిల్లలకు ముప్పై ఏళ్ళపాటు ఎవరు నరికారు, ఎవరు తవ్వారు, ఎవరు మోశారు అని నేర్పాను. వాళ్ళు పరీక్షల్లో పండును అనే రాశారు, ఎందుకంటే పేపరు దిద్దేవాళ్ళకు అదే కావాలి. వాళ్ళలో కొందరు ఇప్పుడు సెలవులకు దీవులకు వెళ్ళి ఫొటోలు పంపుతుంటారు. బాగున్నాయని జవాబిస్తాను. అన్నీ బాగానే ఉంటాయి.

ఒక్క అలవాటు మాత్రం నన్ను వదల్లేదు. విజయవాడలో పెద్ద హోటలుకు ఎప్పుడు వెళ్ళినా తలుపు దగ్గర తలపాగా చుట్టి నిలబెట్టిన మనిషిని దాటి లోపలికి పోలేను. ఆగి పేరడుగుతాను. అడిగి నేను చేయగలిగింది ఏమీ లేదు. మా పిల్లలు నా చెయ్యి పట్టుకుని లాగుతారు. పోయిన నెల కూడా అడిగాను. వయసు మళ్ళిన మనిషి, మీసాలకు నల్లరంగు వేశారు. నేనేదో ఫిర్యాదు చేయబోతున్నాననుకుని కంగారుపడి, నా వల్ల తప్పేమైనా జరిగిందా అమ్మగారూ అన్నాడు. ఏమీ లేదు, పేరు తెలుసుకుందామని అన్నాను. అటూ ఇటూ చూసి, ఇంకెవరికీ వినపడకూడదన్నట్టు మెల్లగా చెప్పాడు. ఏ ఊరని అడగబోయాను. ఈలోగా మెట్ల దగ్గర కారు ఆగింది. ఆయన చేతులు జోడించి అటు తిరిగాడు.